‘ఆల్వేస్’ ఎక్కడ పెట్టాలి, ‘పికప్ మీ’ ఎందుకు కుదరదు

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో ఒకసారి చెప్తాను, కొత్తగా చదివేవాళ్ళకి కూడా తెలుస్తుంది. మీరు తెలుగు మీడియంలో చదువుకుని హైదరాబాదులో ఉద్యోగంలో చేరారు. మీరు రాసిన మెయిల్‌ని మీ టీం లీడ్ దాదాపు ప్రతి లైనులోనూ దిద్దారు, ఎందుకో మాత్రం చెప్పలేదు. ఆ మెయిల్ ఇది: "ఆల్రెడీ ఐ హావ్ సెంట్ ద ఫైల్. ప్లీజ్ చెక్ వన్స్. ఐ ఫిల్డ్ కేర్‌ఫుల్లీ ద ఫార్మ్. ఇఫ్ ఎనీ మిస్టేక్ ఈజ్ దేర్, సెండ్ బ్యాక్ ఇట్. స్టిల్ ద క్లయింట్ డిడ్ నాట్ రిప్లై." స్పెల్లింగు తప్పు ఒక్కటీ లేదు, పదాలన్నీ తెలిసినవే, మరి తప్పెక్కడుంది, ‘ఆల్వేస్’ ‘ఆల్రెడీ’ లాంటివి ఎక్కడ పెట్టాలో తెలుసుకోడానికి ఏదైనా పద్ధతి ఉందా అని అడిగారు.

ఉంది. నేను 30 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఇంగ్లిష్ చెప్పాను. ఇప్పుడు సాయంత్రాలు నర్సులకీ, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళకీ చెప్తున్నాను. మీ మెయిల్లో ఉన్న తప్పులు నా దగ్గరకి వచ్చే ప్రతి బ్యాచిలోనూ ఉంటాయి, అదీ దాదాపు ఇదే వరసలో. అంటే ఇది మీ ఒక్కరి లోపం కాదు. తెలుగు మాట్లాడేవాళ్ళం ఇంగ్లిష్ పదాలు నేర్చుకున్నాం కానీ వాటిని తెలుగు కుర్చీల్లో కూర్చోబెడుతున్నాం. టెన్షన్ పడకండి, ఏ కుర్చీ ఎవరిదో తెలిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ముందు మన భాష సంగతి. "రవి నిన్న నాకు పుస్తకం ఇచ్చాడు" అనొచ్చు, "నిన్న నాకు రవి పుస్తకం ఇచ్చాడు" అనొచ్చు, "పుస్తకం రవి నాకు నిన్న ఇచ్చాడు" అన్నా ఎవరూ అపార్థం చేసుకోరు. ఎవరు ఎవరికి ఇచ్చారో ‘కు’ చెప్పేస్తుంది, ‘చాడు’ చెప్పేస్తుంది. వెయ్యేళ్ళ క్రితం ఇంగ్లిష్‌లో కూడా ఇలాంటి విభక్తులు ఉండేవి, తర్వాత చాలామటుకు రాలిపోయాయి. అవి చేసే పని ఇప్పుడు పదం ఉన్న చోటు చేస్తోంది. అందుకే మనకి చిన్నగా అనిపించే ‘ఆల్రెడీ’ ఒక గడి జరిగినా వాళ్ళ చెవికి ఏదో తేడాగా తగులుతుంది.

చోటు సంగతిలో మనకి ఒక మంచి ఆసరా కూడా ఉంది. తెలుగు వాక్యాన్ని క్రియ దగ్గర్నుంచి వెనక్కి చదివితే చాలాసార్లు ఇంగ్లిష్ వరస వచ్చేస్తుంది. "వాళ్ళు రోజూ పార్కులో నెమ్మదిగా నడుస్తారు" తీసుకోండి. ‘వాళ్ళు’ని ముందే ఉంచి మిగతాది చివర్నుంచి చదివితే నడుస్తారు, నెమ్మదిగా, పార్కులో, రోజూ. "దే వాక్ స్లోలీ ఇన్ ద పార్క్ ఎవ్రీ డే." ఎలా అన్నది ముందు, ఎక్కడ అన్నది తర్వాత, ఎప్పుడు అన్నది చివర. ‘గో’, ‘కమ్’ లాంటి వెళ్ళడం రావడం క్రియలైతే మాత్రం ఎక్కడికి అన్నది క్రియని వదలదు, "హీ వెంట్ హోమ్ క్విక్లీ" అంటారు. ‘టుమారో’ ‘ఎస్టర్డే’ లాంటివి వాక్యం మొదట పెట్టినా తప్పు లేదు.

ఈ అద్దం ఒక్కచోట పగులుతుంది, మీ మూడో వాక్యం పడింది సరిగ్గా అక్కడే. తెలుగులో "ఆమె తెలుగు బాగా మాట్లాడుతుంది" అంటాం. ముందు కర్మ, తర్వాత ‘బాగా’, తర్వాత క్రియ. ‘బాగా’ క్రియని అంటిపెట్టుకుని ఉంటుంది. దీన్ని తిరగేస్తే "షీ స్పీక్స్ వెల్ తెలుగు" వస్తుంది, అది తప్పు. "షీ స్పీక్స్ తెలుగు వెల్" అనాలి. ఇంగ్లిష్‌లో క్రియకీ దాని కర్మకీ మధ్య పని ఎలా, ఎప్పుడు జరిగిందో చెప్పే మాటకి, అంటే అడ్వెర్బ్‌కి చోటు లేదు. మీరు "ఫార్మ్ జాగ్రత్తగా నింపాను" అనుకుని, దాన్ని తిరగేసి "ఫిల్డ్ కేర్‌ఫుల్లీ ద ఫార్మ్" రాశారు. "ఐ లైక్ వెరీ మచ్ దిస్ జాబ్" అనేవాళ్ళు చేసేదీ ఇదే, "ఈ ఉద్యోగం చాలా ఇష్టం"ని తిరగేస్తున్నారు. "ఐ లైక్ దిస్ జాబ్ వెరీ మచ్" అనాలి.

మా సాయంత్రం క్లాసులో ఒక నర్సు ఉండేది, విదేశంలో ఉద్యోగం కోసం ఇంగ్లిష్ పరీక్షకి తయారవుతోంది. వార్డులో పదేళ్ళ అనుభవం, చేతిలో మంచి పని ఉంది. డ్యూటీ మారేటప్పుడు తర్వాతి నర్సుకి ఎలా అప్పజెప్తారో ఇంగ్లిష్‌లో చెప్పమంటే "గివ్ స్లోలీ ద ఇంజెక్షన్, చెక్ ఎవ్రీ అవర్ హిజ్ బీపీ, టర్న్ ఓవర్ హిమ్ ఆఫ్టర్ టూ అవర్స్" అంది. చెప్పాల్సిన విషయం ఒక్కటీ వదల్లేదు. ఆమె చేత నేను కొత్త రూలేమీ బట్టీ పట్టించలేదు. ప్రతి క్రియ తర్వాత ఏది, ఎవర్ని అన్న మాట చెప్పేసి, ఊపిరి తీసుకుని, అప్పుడు మిగతాది చెప్పమన్నాను. గివ్ ద ఇంజెక్షన్, స్లోలీ. చెక్ హిజ్ బీపీ, ఎవ్రీ అవర్. టర్న్ హిమ్, ఓవర్, ఆఫ్టర్ టూ అవర్స్. మొదటి వారం మధ్యలో ఆగి ఆగి చెప్పింది, నెల తిరిగేసరికి ఆ ఆగడం పోయింది, వరస మిగిలింది. మీరూ అలాగే చెయ్యండి, పైకి గొంతెత్తి, రోజుకి పది వాక్యాలు చాలు.

ఒక మినహాయింపు చెప్పాలి, లేకపోతే రేపు ఏదో పేపర్లో చూసి నేను తప్పు చెప్పాననుకుంటారు. కర్మ చాలా పొడుగైతే అది చివరికి జరుగుతుంది, అప్పుడు అడ్వెర్బ్ మధ్యలోకి వస్తుంది. "షీ ఎక్స్‌ప్లెయిన్డ్ కేర్‌ఫుల్లీ ఆల్ ద రూల్స్ దట్ వుయ్ హాడ్ టు ఫాలో" బాగానే ఉంటుంది. ఇంగ్లిష్‌లో బరువైనది చివరికి పోతుంది, తేలికైనది క్రియకి దగ్గరగా వస్తుంది. ఈ బరువు సంగతి కాస్త గుర్తుంచుకోండి, మీ నాలుగో వాక్యానికి ఇదే కావాలి.

"సెండ్ బ్యాక్ ఇట్." దీన్ని "సెండ్ ఇట్ బ్యాక్" అని దిద్దారు. ‘సెండ్ బ్యాక్ ద ఫైల్’ సరే, ‘సెండ్ ద ఫైల్ బ్యాక్’ కూడా సరే, ‘ఇట్’ వచ్చేసరికి మాత్రం ఒక్క దారే ఉంది, అదెందుకని అడిగారు. వాక్యంలో ‘ఇట్’ కంటే తేలికైన మాట ఏముంటుంది చెప్పండి. దేని గురించి మాట్లాడుతున్నామో ఇద్దరికీ తెలుసు కాబట్టే ‘ఇట్’ అంటున్నాం. ఇంగ్లిష్ వాక్యంలో గొంతు బరువు మామూలుగా చివర పడుతుంది, అక్కడ కొత్త సంగతి ఉండాలి. తెలిసిపోయిన ‘ఇట్’ అక్కడ నిలబడలేదు, క్రియ పక్కకి జరిగిపోతుంది, బరువుని ‘బ్యాక్’ తీసుకుంటుంది. ఒకసారి పలికి చూడండి, ‘సెండిట్ బ్యాక్’. సెండూ ఇటూ కలిసిపోయి ఒకే మాటలా వినిపిస్తాయి. ‘హిమ్’, ‘హర్’, ‘దెమ్’, ‘మీ’, ‘యూ’, ‘అజ్’ అన్నీ ఇంతే. పిక్ మీ అప్. డ్రాప్ హర్ ఆఫ్. కాల్ దెమ్ బ్యాక్. టర్న్ ఇట్ ఆఫ్. ఫిల్ ఇట్ ఇన్.

ఇందులో మనవాళ్ళు ఎందుకు ఇంత గట్టిగా తప్పుతారో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళే పట్టింది. ఈ మాటల్ని మనం ఇంగ్లిష్ నుంచి నేర్చుకోలేదు, తెలుగు నుంచి నేర్చుకున్నాం. "నన్ను బస్టాండులో పికప్ చేసుకో", "ఫ్యాన్ స్విచాఫ్ చెయ్", "లాగౌట్ చేశావా", "క్లయింటుని ఫాలోఅప్ చెయ్యి" అని పొద్దున్నుంచి రాత్రి దాకా అంటాం. పికప్, స్విచాఫ్ తెలుగులోకి వచ్చేటప్పుడే ఒక్క ముద్దగా వచ్చాయి, మనం వెనక ‘చెయ్’ తగిలించుకున్నాం. ‘తీసెయ్’ని మధ్యలో చీల్చి ‘దాన్ని’ దూర్చగలమా? లేదు. అలాగే ‘పికప్’ని చీల్చాలని మన బుర్రకి తట్టదు, అందుకే "పికప్ మీ" వస్తుంది. ఇంగ్లిష్‌లో అవి రెండు మాటలు. ‘పిక్’ క్రియ, ‘అప్’ దాని వెంట వచ్చే అడ్వెర్బ్, మధ్యలో మనిషికో వస్తువుకో చోటుంటుంది. కాగితం మీద రాసుకునేటప్పుడు ‘పిక్ ____ అప్’, ‘స్విచ్ ____ ఆఫ్’, ‘సెండ్ ____ బ్యాక్’ అని మధ్యలో గీత పెట్టి రాసుకోండి, ఎప్పుడూ ఆ గీతతోనే గుర్తుపెట్టుకోండి. ఇన్నేళ్ళలో ఇంతకంటే బాగా పనిచేసిన చిట్కా నా దగ్గర ఇంకోటి లేదు.

ఆ గీతని ఖాళీగా వదిలెయ్యడం కూడా మన అలవాటే. "ఫైల్ పంపావా?" "పంపాను." తెలుగులో ‘దాన్ని’ అక్కర్లేదు, అంటే పైగా ఎబ్బెట్టుగా ఉంటుంది. అందుకే "డిడ్ యూ సెండ్ ద ఫైల్?" అంటే "ఎస్, ఐ సెంట్" అంటాం. వాళ్ళకి అది సగంలో ఆగిన మాట. "ఎస్, ఐ సెంట్ ఇట్" అనాలి.

అయితే ‘ఆన్’, ‘అప్’, ‘ఆఫ్టర్’ కనబడిన ప్రతిచోటా ‘ఇట్’, ‘హిమ్’ లాంటి ప్రొనౌన్‌ని మధ్యలో దూర్చకండి. "లుక్ ఆఫ్టర్ హిమ్" సరైనది, "లుక్ హిమ్ ఆఫ్టర్" కాదు. "వెయిట్ ఫర్ మీ", "లిజన్ టు హర్", "లుక్ ఎట్ ఇట్" కూడా అంతే. ఇక్కడ ‘ఆఫ్టర్’, ‘ఫర్’, ‘టు’ అడ్వెర్బులు కావు, ప్రిపొజిషన్లు, మన ‘కోసం’, ‘వైపు’ లాంటివి. ‘మా కోసం’లో ‘మా’ని ‘కోసం’ ఎలా వదలదో ‘ఫర్ అజ్’లో ‘ఫర్’ కూడా ‘అజ్’ని అలాగే వదలదు. ఒకే మాట రెండు వేషాలూ వెయ్యగలదు. చొక్కా తొడుక్కోవడం ‘పుట్ ఇట్ ఆన్’, బస్సెక్కడం ‘గెట్ ఆన్ ఇట్’. తేడా తెలియడానికి చెవిని నమ్ముకోండి. ‘పుట్ ఇట్ ఆన్’ అన్నప్పుడు గొంతు ‘ఆన్’ మీద ఒత్తుతుంది. ‘లుక్ ఎట్ ఇట్’ అన్నప్పుడు ఒత్తిడంతా ‘లుక్’ మీదే ఉంటుంది, ‘ఎట్’ వినబడీ వినబడనట్టు పోతుంది. ఒత్తి పలికే చిన్న మాటైతే ప్రొనౌన్ దాని ముందుకి వస్తుంది, తేలిపోయే చిన్న మాటైతే ప్రొనౌన్ దాని వెనకే ఉంటుంది. ‘లుక్ ఫార్వర్డ్ టు ఇట్’, ‘పుట్ అప్ విత్ హిమ్’ లాంటి మూడు ముక్కలవాటిలో చివరిది ప్రిపొజిషనే, కాబట్టి ప్రొనౌన్ ఆఖరికే పోతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వస్తాను. ‘ఆల్వేస్’, ‘నెవర్’, ‘ఆఫెన్’, ‘యూజువల్లీ’, ‘ఆల్రెడీ’, ‘ప్రాబబ్లీ’, ‘ఆల్సో’ లాంటివి ఎక్కడ పెట్టాలి? పుస్తకాల్లో మూడు రూల్స్ ఇస్తారు: మామూలు క్రియకి ముందు, ‘బీ’ క్రియకి (‘ఈజ్’, ‘ఆర్’, ‘వాజ్’ లాంటివి) వెనక, ‘హావ్’, ‘విల్’, ‘కెన్’ లాంటి హెల్పింగ్ వెర్బ్ ఉంటే దాని వెనక. మూడూ నిజమే, కానీ మాట్లాడేటప్పుడు ఎవరికి గుర్తొస్తాయి? నేను పిల్లలకి ఒక్క పరీక్ష చెప్పేవాణ్ణి. ఆ వాక్యంలో ‘నాట్’ పెట్టి చూడండి. ‘నాట్’ ఎక్కడ కూర్చుంటే ఈ మాటలు అక్కడ కూర్చుంటాయి.

"హీ ఈజ్ నాట్ లేట్" అంటారు కదా, అయితే "హీ ఈజ్ ఆల్వేస్ లేట్". "షీ హాజ్ నాట్ సీన్ ఇట్", అయితే "షీ హాజ్ నెవర్ సీన్ ఇట్". "ఇట్ షుడ్ నాట్ బీ కెప్ట్ ఇన్ ద ఫ్రిజ్", అయితే "ఇట్ షుడ్ ఆల్వేస్ బీ కెప్ట్ ఇన్ ద ఫ్రిజ్". ఇక "హీ డజ్ నాట్ డ్రింక్ కాఫీ"లో ‘డజ్’ వచ్చింది కేవలం ‘నాట్’ని మొయ్యడానికి, ‘నాట్’ పోతే అదీ పోతుంది, మిగిలింది "హీ ఆల్వేస్ డ్రింక్స్ కాఫీ". మీ మొదటి వాక్యానికి ఇదే పెట్టండి. "ఐ హావ్ నాట్ సెంట్ ద ఫైల్" అంటారు, కాబట్టి "ఐ హావ్ ఆల్రెడీ సెంట్ ద ఫైల్".

ఈ పరీక్ష ఎందుకు పనిచేస్తుందో చెప్తే ఇంకా బాగా గుర్తుంటుంది. షేక్‌స్పియర్ కాలంలో, అంటే ఇప్పటికి 400 ఏళ్ళ క్రితం, మామూలు క్రియ వెనక కూడా ‘నాట్’ నేరుగా వచ్చేది, "ఐ నో నాట్" అనేవాళ్ళు. తర్వాత మామూలు క్రియలు ఆ పద్ధతి వదిలేసి ‘డూ’ని తోడు తెచ్చుకున్నాయి. ‘బీ’, ‘హావ్’, ‘విల్’, ‘కెన్’ లాంటి హెల్పింగ్ వెర్బులు మాత్రం పాత చోటు వదల్లేదు. అందుకే ‘ఈజ్’కి వెనకా, ‘డ్రింక్స్’కి ముందూ. ఫ్రెంచ్‌లో ఇప్పటికీ అన్ని క్రియలూ పాత పద్ధతిలోనే ఉన్నాయి, కాబట్టి ఫ్రెంచివాళ్ళు ఇంగ్లిష్ మాట్లాడితే "ఐ డ్రింక్ ఆఫెన్ కాఫీ" అనేస్తుంటారు. మనం "ఆఫెన్ ఐ డ్రింక్ కాఫీ" అంటాం. ఎవరి ఇంటి అలవాటు వాళ్ళని లాగుతుంది.

మనం ‘ఆల్రెడీ’ని మొదట పెట్టడానికి కారణం మళ్ళీ తెలుగే. "ఆల్రెడీ చెప్పాను కదండీ", "ఆల్రెడీ తిన్నాను" అని తెలుగులోనే ఆ మాట వాడతాం, ‘నేను’ అనం కాబట్టి అది సహజంగా మొదటికొస్తుంది. ఇంగ్లిష్‌లోకి వెళ్ళేసరికి దాని వెనక ఒక ‘ఐ’ చేరుస్తాం, "ఆల్రెడీ ఐ టోల్డ్". ముందు ‘ఐ’ చెప్పే అలవాటు చేసుకోండి, ఆ తర్వాత అది ఎటూ పోదు.

వినడంలో ఒక చిక్కు ఉంది, దాని గురించి స్కూళ్ళలో పెద్దగా చెప్పం. వాళ్ళు "ఐ హావ్ నెవర్ సీన్" అని విడివిడిగా అనరు, "ఐవ్ నెవర్ సీన్" అంటారు. ఆ ‘వ్’ మన చెవిన పడదు. మనకి ‘ఐ నెవర్ సీన్’ అని వినబడుతుంది, అలాగే రాస్తాం. "హీల్ ప్రాబబ్లీ కమ్"లో ‘ల్’ కూడా అంతే, "హీ ప్రాబబ్లీ కమ్" అయిపోతుంది. సినిమాలూ వీడియోలూ చూసేటప్పుడు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని ప్రొనౌన్ తోకల్ని గమనించండి. ప్రొనౌన్, దానికి అంటుకున్న హెల్పింగ్ వెర్బ్, తర్వాత అడ్వెర్బ్, తర్వాత అసలు క్రియ. ఐవ్-ఆల్రెడీ-సెంట్. షీజ్-ఆల్వేస్-బిజీ. వుయ్ల్-ప్రాబబ్లీ-గో.

చిన్న జవాబుల్లో మాత్రం ఈ వరస తిరగబడుతుంది. "డూ యూ లాక్ ద డోర్?" అంటే "ఐ ఆల్వేస్ డూ". "ఐ డూ ఆల్వేస్" అనకూడదు. "హాజ్ హీ పెయిడ్ యూ?" అంటే "హీ నెవర్ హాజ్". "విల్ షీ కమ్?" అంటే "షీ ప్రాబబ్లీ విల్". హెల్పింగ్ వెర్బ్ వాక్యం చివర ఒంటరిగా మిగిలినప్పుడు గొంతు బరువంతా దాని మీదే పడుతుంది, దాని వెనక అడ్వెర్బ్ నిలబడదు, ముందుకి వచ్చేస్తుంది. ‘ఇట్’ విషయంలో చెప్పిన బరువు సూత్రమే ఇక్కడా పనిచేస్తోంది. ప్రశ్నల్లో అయితే హెల్పింగ్ వెర్బ్ ఒక్కటే ముందుకి దూకుతుంది, అడ్వెర్బ్ కదలదు: "డూ యూ ఆల్వేస్ లాక్ ద డోర్?", "హావ్ యూ ఎవర్ బీన్ టు వైజాగ్?" ఆజ్ఞల్లో అడ్వెర్బ్ మొదటే, "ఆల్వేస్ లాక్ ద డోర్".

మీ చివరి వాక్యం, "స్టిల్ ద క్లయింట్ డిడ్ నాట్ రిప్లై". ఇక్కడ మన ‘ఇంకా’ అడ్డం వస్తోంది. "ఇంకా పని చేస్తున్నాడు", "ఇంకా రాలేదు", రెంటికీ మనకి ఒకే మాట, అదీ ముందే వస్తుంది. ఇంగ్లిష్‌లో రెండు మాటలు, రెండు చోట్లు. జరుగుతూనే ఉంటే ‘స్టిల్’, మామూలు చోటే: "హీ ఈజ్ స్టిల్ వర్కింగ్". జరగకపోతే ‘యెట్’, సాధారణంగా చివర: "హీ హాజంట్ కమ్ యెట్". జరగలేదన్నదానికీ ‘స్టిల్’ వాడొచ్చు, అప్పుడది ‘నాట్’ ఉన్న హెల్పింగ్ వెర్బ్‌కి ముందు వస్తుంది: "హీ స్టిల్ హాజంట్ కమ్". ఇందులో కాస్త విసుగు ధ్వనిస్తుంది, ‘ఇంతసేపైనా రాలేదు’ అన్నట్టు. మీరు "స్టిల్ ద క్లయింట్..." అని మొదలుపెడితే చదివేవాళ్ళకి ‘అయినప్పటికీ’ అని తోస్తుంది. అంటే ఇది మర్యాదకో అందానికో చేసిన దిద్దుబాటు కాదు, అర్థమే మారిపోతోంది. ఇక మీరు చెప్తున్నది ఈ నిమిషం దాకా రాని జవాబు గురించి, కాబట్టి ‘డిడ్ నాట్ రిప్లై’ కంటే ‘హాజ్ నాట్ రిప్లైడ్’ సరిపోతుంది.

నేను చెప్పిన ‘నాట్’ పరీక్షకి మినహాయింపులు కూడా ఇక్కడే ఉన్నాయి. ‘నాట్’ వాక్యంలోనే ఉన్నప్పుడు ‘స్టిల్’, ‘ప్రాబబ్లీ’, ‘సమ్‌టైమ్స్’ దానికి ముందు నిలబడతాయి: "ఐ ప్రాబబ్లీ వోంట్ కమ్", "ఐ సమ్‌టైమ్స్ డోంట్ స్లీప్". ‘ఆల్వేస్’ సాధారణంగా వెనక ఉంటుంది: "ఐ డోంట్ ఆల్వేస్ ఈట్ లంచ్", రోజూ తింటానని కాదు అని. ‘రియల్లీ’ రెండుచోట్లా నిలుస్తుంది, కానీ "ఐ రియల్లీ డోంట్ నో" అంటే నిజంగానే తెలీదు, "ఐ డోంట్ రియల్లీ నో" అంటే అంత సరిగ్గా తెలీదు. ఆఫీసులో మీ మేనేజరు ఏదైనా అడిగినప్పుడు ఈ రెంటిలో ఏది అంటున్నారో చూసుకోండి.

‘చెక్ వన్స్’ సంగతి. "ఒకసారి చూడండి" అన్నప్పుడు మనం లెక్క చెప్పడం లేదు, మర్యాద చూపిస్తున్నాం. ఆ ‘ఒకసారి’ లేకుండా "చూడండి" అంటే మొరటుగా ఉంటుంది. ఇంగ్లిష్ ‘వన్స్’కి ఆ మర్యాద లేదు, అది ఒట్టి లెక్క. మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, బయటివాళ్ళు మాత్రం ‘రెండోసారి చూడొద్దనా?’ అని ఒక క్షణం ఆగుతారు. ఆ మర్యాద కావాలంటే "కుడ్ యూ టేక్ ఎ లుక్?" అనండి, మాటల్లో అయితే "కుడ్ యూ జస్ట్ చెక్ ఇట్?".

మీరు అడగలేదు కానీ ‘ఓన్లీ’ గురించి చెప్పకుండా ఆపలేను, ఎందుకంటే తెలుగువాళ్ళ ఇంగ్లిష్‌ని ఎక్కడున్నా పట్టిచ్చేది అదే. మనకి ‘ఏ’ అనే చిన్న అక్షరం ఉంది. నిన్ననే, ఇక్కడే, రవే, అంతే. దేని మీద ఒత్తు కావాలంటే దాని తోకకి తగిలిస్తాం. ఇంత సులువైన సాధనం ఇంగ్లిష్‌లో లేదు, అందుకే ఆ తోక స్థానంలో ‘ఓన్లీ’ తగిలించాం: "ఎస్టర్డే ఓన్లీ ఐ కేమ్", "ఐయామ్ హియర్ ఓన్లీ", "హీ ఈజ్ లైక్ దట్ ఓన్లీ". మనలో మనం మాట్లాడుకునేటప్పుడు దీన్ని తప్పనడం నాకిష్టం లేదు, చాలా భారతీయ భాషల్లో ఇలాంటి తోకలున్నాయి, కాబట్టి దేశమంతా అంటారు. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. "రవే చెప్పాడు" అంటే మనకి ‘వేరెవరో కాదు, సాక్షాత్తూ రవి’ అని. "ఓన్లీ రవి టోల్డ్ మీ" అంటే వాళ్ళకి ‘మిగతావాళ్ళెవరూ చెప్పలేదు’ అని. మన అర్థం కావాలంటే "ఇట్ వాజ్ రవి హూ టోల్డ్ మీ" అనాలి. నిన్ననే వచ్చాను, "ఐ ఓన్లీ కేమ్ ఎస్టర్డే". చూడండి, ఇక్కడ ‘ఓన్లీ’ ఒత్తేది ‘ఎస్టర్డే’నే, కూర్చునేది మాత్రం క్రియకి ముందు, ‘ఆల్వేస్’ చోటులోనే. ఏ మాటని ఉద్దేశించారో గొంతు చెప్తుంది. రాతలో గొంతు ఉండదు కాబట్టి "ఐ గేవ్ ద పాస్‌వర్డ్ ఓన్లీ టు రవి" అని ఆ మాట పక్కనే పెట్టడం క్షేమం. ‘కూడా’ కూడా ఇలాంటిదే. "నేను కూడా వస్తాను" అనడానికి "ఐ ఆల్సో విల్ కమ్" అక్కర్లేదు, "ఐల్ కమ్ టూ" అంటే సరిపోతుంది.

ఇంకొకటి, మీ ప్రశ్న కింద వేరే ఆయన అడిగారు, "ఐ విల్ ట్రై టు ఆల్వేస్ చెక్ ఇట్" అని రాస్తే ఆఫీసులో సీనియర్ ఒకరు ‘టు’కీ ‘చెక్’కీ మధ్య ఏదీ పెట్టకూడదని కొట్టేశారట. ఆ అభ్యంతరం పాతది. 1864లో కాంటర్‌బరీ డీన్ హెన్రీ ఆల్ఫర్డ్ కూడా ఇలాగే ఆక్షేపించాడు, తర్వాత పంతుళ్ళు దాన్ని తరాల తరబడి పట్టుకున్నారు. రాసేవాళ్ళు మాత్రం ఎప్పుడూ మానలేదు. ఇక్కడ ‘ఆల్వేస్’ని బయటికి లాగి "ఐ విల్ ట్రై ఆల్వేస్ టు చెక్ ఇట్" అంటే ఎప్పుడూ ప్రయత్నిస్తాననా, ఎప్పుడూ చూస్తాననా అన్నది తేలదు. నేనైతే మొదటిదే ఉంచుతాను. ఆ సీనియర్ మరీ పట్టుబడితే "ఐ విల్ ట్రై టు చెక్ ఇట్ ఎవ్రీ టైమ్" అని రాసెయ్యమనండి, గొడవ ఉండదు.

ఇప్పుడు మీ మెయిల్. "ఐ హావ్ ఆల్రెడీ సెంట్ ద ఫైల్. కుడ్ యూ ప్లీజ్ టేక్ ఎ లుక్? ఐ ఫిల్డ్ ఇన్ ద ఫార్మ్ కేర్‌ఫుల్లీ, బట్ ఇఫ్ దేర్ ఆర్ ఎనీ మిస్టేక్స్, ప్లీజ్ సెండ్ ఇట్ బ్యాక్. ద క్లయింట్ హాజ్ నాట్ రిప్లైడ్ యెట్." మీ టీం లీడ్ ‘ఫిల్డ్’ పక్కన ‘ఇన్’ ఎందుకు చేర్చారని కూడా అడిగారు కదా, అది ఇందాక చెప్పిన ‘అప్’, ‘ఆఫ్’ కుటుంబమే. గ్లాసు ‘ఫిల్’ చేస్తారు, ఫారం ‘ఫిల్ ఇన్’ చేస్తారు, అమెరికన్లు ఎక్కువగా ‘ఫిల్ అవుట్’ అంటారు. రేపు ఎవరైనా ఆ ఫారం గురించి అడిగి ‘ఫార్మ్’ బదులు ‘ఇట్’ వాడాల్సి వస్తే గీత గుర్తుంది కదా: ఐవ్ ఆల్రెడీ ఫిల్డ్ ఇట్ ఇన్.